డాక్టరు రాసిన మాట, మనకు అర్థమైన మాట

ఆదివారం జుహర్ నమాజు తర్వాత రాంనగర్‌లోని మన సొసైటీ గదిలో వైద్య సహాయం కోరి వచ్చేవారితో కూర్చుంటాం. ఎక్స్‌రేలు, రక్త పరీక్షల కాగితాలు, మందుల చీటీలు అన్నీ ఒక క్యారీబ్యాగులో పెట్టుకుని వస్తారు. ఒక ఆదివారం ఒక చెల్లెలు తన భర్త ఫైలు తెచ్చింది. "భాయ్ సాబ్, ఆయన గుండె 40 శాతం పోయిందంట. 60 శాతమే పనిచేస్తోందంట" అని ఏడ్చింది. ఫైలులో '2డి ఎకో' రిపోర్టు ఉంది. అందులో 'ఈఎఫ్ 60 శాతం' అని స్పష్టంగా ఉంది. మేము కూడా అలాగే అర్థం చేసుకున్నాం. గుండె జబ్బు మనిషికి సాయం కావాలని ఒక చీటీ రాసి కొందరు దాతలకు పంపేశాం. ఇద్దరు ముగ్గురు వెంటనే డబ్బు కూడా పంపారు.

మరుసటి రోజు మన కమిటీకి సలహా చెప్పే ఒక డాక్టరుగారు ఆ కాగితం చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ మనిషి గుండె నా గుండెకంటే బాగుంది" అన్నారు. గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కసారి కొట్టుకున్నప్పుడు ఎంత వంతు బయటికి వెళ్తుందో చెప్పే లెక్క ఈఎఫ్. ఎవరి గుండే నూటికి నూరు పంపదు. 55 నుంచి 70 దాకా ఉంటే మామూలే. 40 కంటే తగ్గితే గుండె బలహీనపడిందని అర్థం. అసలు ఆ పేషెంటుకు ఉన్నది పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇవ్వవచ్చో లేదో తెలుసుకోవడానికి గుండె పరీక్ష చేయించారు, అంతే. దాతలకు ఫోన్ చేసి సంగతి చెప్పి, వారు ఒప్పుకున్నాకే ఆ డబ్బును రాళ్ల ఆపరేషన్ ఖర్చులకు మార్చాం. మాకు సిగ్గుగానే అనిపించింది. మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ము ఒక మాట అర్థం కాకపోవడం వల్ల దారి తప్పవచ్చని ఆ రోజు తెలిసింది. ఈ సంచికలో ఈ నాలుగు పేజీలు అందుకే.

పరాయి మాటను సొంతం చేసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి మనకు ఎంతో దూరం లేదు. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు కానీ మన పెద్దవాళ్లు ఎవరూ ఆ పేరు పలకరు. 'కోరంటి దవాఖానా' అంటారు. క్వారంటీన్ అనే మాటే నోట్లో నలిగి కోరంటి అయింది. ఒకప్పుడు ఇటలీలోని వెనిస్ రేవులో ప్లేగు భయంతో ఓడలను 40 రోజులు ఆపి ఉంచేవారు. ఆ నలభై నుంచే ఆ మాట పుట్టింది. మలేరియా కూడా ఇటలీ మాటే, 'చెడు గాలి' అని అర్థం. జ్వరం చెడు గాలి వల్ల వస్తుందని లోకమంతా నమ్మిన కాలం అది. అది గాలి కాదు, దోమ అని తేల్చే రుజువు రోనాల్డ్ రాస్‌కు 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే దొరికింది. మాట మాత్రం తప్పుగానే మిగిలిపోయింది.

వైద్యాన్ని జనం భాషలో చెప్పాలని హైదరాబాద్ చాలా ముందే ప్రయత్నించింది. 1846లో నాసిరుద్దౌలా కాలంలో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో పాఠాలు ఉర్దూలో చెప్పారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి పుస్తకాలు సిద్ధం చేయడానికి అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటి పెద్దలు అక్కడ పనిచేశారు. కొత్త మాటలను అరబీ, ఫార్సీల నుంచి తీసుకోవాలా, వాడుక భాష నుంచి తయారు చేసుకోవాలా అని అక్కడ గట్టి చర్చలే జరిగాయి. తెలుగులో ఆ పని ఆలస్యమైంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక పాఠ్యపుస్తకాలకు పదాలు కుదిరాయి. థైరాయిడ్‌కు అవటు గ్రంథి, ప్యాంక్రియాస్‌కు క్లోమం. పిల్లలు పరీక్షలో రాస్తారు, మంచిదే. కానీ రాంనగర్ గుండు దగ్గర నిలబడి "అవటు గ్రంథి ఎక్కడుంటుంది?" అని అడిగి చూడండి. అరబీ బరువున్న మాట గానీ, సంస్కృతం బరువున్న మాట గానీ గల్లీ దాకా రాలేదు. థైరాయిడ్ వచ్చింది. రానివ్వండి, దానితో మాకు పేచీ లేదు. గల్లీలో ఇదివరకే ఉన్న మాటలతోనే అసలు చిక్కు.

'నరం' అనే మాట తీసుకోండి. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు సిస్టర్ "నరం దొరకట్లేదు" అంటుంది. అది రక్తం గుండెకు తిరిగి వెళ్లే గొట్టం, అంటే సిర. "మెడ నరాలు పట్టేశాయి" అంటాం. అది చాలాసార్లు కండరం. "నరాల బలహీనత" అంటాం. అక్కడ నరమంటే మెదడు నుంచి కబురు మోసే తీగ. పుస్తకంలో దానికి నాడి అని పేరు, కానీ మనవాళ్లు నాడి చూడటమంటే మణికట్టు దగ్గర రక్తనాళం కొట్టుకోవడాన్ని చూడటం. ఉర్దూలో 'నస్' కూడా ఇలాగే అన్నింటికీ పనిచేస్తుంది. ఒక హోటల్లో తందూర్ దగ్గర రోజంతా నిలబడి పనిచేసే ఒక తమ్ముడికి పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బాయి. "నరాలు ఉబ్బాయి, నరాల డాక్టర్‌కు చూపించు" అని ఎవరో చెప్పారు. అతను మెదడు, నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. అప్పు చేసి నడుముకు ఎంఆర్ఐ తీయించాడు. అతనికి ఉన్నది సిరలు ఉబ్బే జబ్బు. చూపించుకోవలసింది రక్తనాళాల సర్జన్‌కు. అప్పు తీర్చడానికే మన దగ్గరికి వచ్చాడు. జబ్బుకు ఇంకా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

'గడ్డ' దీనికంటే ప్రమాదకరమైన మాట. చీము పట్టినా గడ్డే, కొవ్వు ముద్దకట్టినా గడ్డే. నీటితో నిండిన తిత్తి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్, రొమ్ములో తగిలే గట్టి ముద్ద, తలలో పెరిగే కంతి అన్నీ గడ్డలే. పైగా రక్తం కూడా గడ్డకడుతుంది. "తలలో గడ్డ ఉంది" అని ఎవరైనా అంటే అది దెబ్బ తగిలి చేరిన రక్తమా, కంతా అని అడగకుండా మనకు ఏమీ తెలియదు. మొదటిదైతే కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయవలసి రావచ్చు. రెండోదానికి ముందు చాలా పరీక్షలు ఉంటాయి.

గడ్డ పేరు వింటే ఆడవాళ్లకు రెండు రకాల అన్యాయం జరుగుతోంది. రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని, ఎవరికీ చెప్పుకోలేక నెలల తరబడి దాచేవారు కొందరు. నిజానికి క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువగా నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడం ధైర్యానికి కారణం కాకూడదు. మరోవైపు, గర్భసంచిలో గడ్డ ఉందని చెప్పగానే అది క్యాన్సరేనని భయపడి, ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీయించుకునేవారు. ఫైబ్రాయిడ్లు దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. చాలావాటికి ఏ చికిత్సా అక్కర్లేదు, మధ్యమధ్యలో స్కాన్ చేయించుకుంటే చాలు. రక్తస్రావం బాగా ఎక్కువై మందులకు తగ్గనప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు కూడా "గర్భసంచి ఒక్కటే తీస్తారా, అండాశయాలు కూడానా?" అని అడగాలి. అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి వయసు అక్కడితో ఆగిపోతుంది, ఎముకలు తొందరగా బోలుబారతాయి. ఫైలులో 'హిస్టరెక్టమీ' అంటే గర్భసంచి తీసివేత. దాని పక్కన 'ఊఫరెక్టమీ' అని ఉంటే అండాశయాలు కూడా తీశారన్నమాట. తన ఒంట్లోంచి ఏం తీశారో తెలియని అక్కలు మన బల్ల ముందు కూర్చున్నారు. కాగితం చూసి మేము చెప్పవలసి వచ్చింది.

ఇలాంటి పెద్ద పేర్లకు తోకలు కొన్నే ఉంటాయి. తోక తెలిస్తే సగం తెలిసినట్టే. చివర 'ఐటిస్' ఉంటే ఆ భాగం వాచి మంటపెట్టిందని. అపెండిసైటిస్, హెపటైటిస్ అలాంటివే. 'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం, 'స్కోపీ' అంటే గొట్టంతో లోపలికి చూడటం. 'ఓమా' అంటే ముద్ద, గడ్డ. ఇక్కడే జాగ్రత్త. కార్సినోమా అంటే క్యాన్సరే. లైపోమా అంటే ఉత్త కొవ్వు ముద్ద. హెమటోమా అంటే చేరిన రక్తం. చివరి అక్షరాలు చూసి ఏడవనక్కర్లేదు, మొదటి అక్షరాలు కూడా చదవాలి.

గడ్డ ఏదో తేల్చేది బయాప్సీ. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. "కత్తి తగిలితే పాకుతుంది" అనే మాట మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. డాక్టర్ పద్ధతి ప్రకారం తీసిన బయాప్సీ వల్ల జబ్బు పాకిపోతుందన్న భయానికి ఆధారం లేదు. బయాప్సీ లేకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదు. రిపోర్టులో 'బినైన్' అని ఉంటే క్యాన్సర్ కాదు, 'మాలిగ్నెంట్' అని ఉంటే క్యాన్సర్. 'నెగెటివ్' అని వస్తే చాలామంది ముఖం మాడ్చుకుంటారు, వెతికిన జబ్బు కనబడలేదన్న మంచి కబురు అది. క్యాన్సర్‌ను ఉర్దూలో సరతాన్ అంటారు, అరబీలో ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థం. లాటిన్‌లో క్యాన్సర్ అన్నా ఎండ్రకాయే. తెలుగులో మాత్రం దీన్ని రాచపుండు అన్నారు. ఆ పేరులో భయమే ఎక్కువ ఉంది. రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రికి తొలి దశలోనే వెళ్తే నయమై ఇంటికి వచ్చేవారు ఎందరో ఉన్నారు. అక్కడే 'పాలియేటివ్' అనే మాట కూడా వినిపిస్తుంది. దాని అర్థం 'ఇక చేసేదేమీ లేదు' అని కాదు. జబ్బు నయం కాకపోయినా నొప్పి, వాంతులు, ఆయాసం తగ్గించి మనిషిని మనిషిలా ఉంచే వైద్యం అది. ఆ మాట కనబడిన ఫైళ్లకు సాయం ఆపేద్దామని ఒకరిద్దరు దాతలు సూచించారు. మేము ఒప్పుకోలేదు. అది ఖర్చు తక్కువైన వైద్యం కూడా.

గుండె గురించి ఒక మాట త్వరగా చెప్పాలి. "గుండెల్లో మంట" అంటే చాలాసార్లు గుండెకు సంబంధం ఉండదు. కడుపులోని పుల్లటి రసం ఆహార గొట్టంలోకి ఎగదన్నడమే ఆ మంట. ఉర్దూలో కలేజా అంటే కాలేయం, కానీ "కలేజా మండుతోంది" అని ఖాలాజాన్ చెయ్యి పెట్టేది ఛాతీ మీద. ఇంతవరకూ ఫరవాలేదు. దీనికి తిరగబడిన పొరపాటే ప్రాణం తీస్తుంది. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకుంటారు. షుగర్ ఉన్నవారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు, ఆయాసం ఒక్కటే రావచ్చు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయడమే పని. గ్యాస్ అని తేలితే నష్టమేమీ లేదు.

పక్షవాతం వేరు, గుండెపోటు వేరు. 'స్ట్రోక్' అంటే మెదడుకు వచ్చేది. పక్షం అంటే ఒక పక్క. ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతుంది కాబట్టి ఆ పేరు. పేరు చెయ్యి కాళ్లను చూపిస్తుంది గనుక మనవాళ్లు చెయ్యి కాళ్లకే నూనె మర్దన చేస్తారు, పావురం రక్తం రాస్తారు. దెబ్బ తగిలింది మెదడుకు. మూతి ఒక పక్కకు వంకర పోవడం, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట తడబడటం కనబడితే గడియారం చూసుకోవాలి. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది, అదీ స్కాన్ చూశాక.

శరీరం లోపలి భాగాలు మనకు నిజంగా తెలియనివేమీ కావు. బక్రీద్ నాడు వాటాలు వేసేటప్పుడు పదేళ్ల పిల్లవాడు కూడా ఇది కలేజీ, ఇవి గుర్దే, ఇది తిల్లీ, ఇవి ఫేఫ్సే అని చూపిస్తాడు. కలేజీనే తెలంగాణలో కార్జం అంటారు, అదే కాలేయం, మనిషికి కుడి పక్క పక్కటెముకల కింద ఉంటుంది. తిల్లీ అంటే ప్లీహం, మలేరియాలో అది ఉబ్బితే "కడుపులో బల్ల పెరిగింది" అనేవారు మన నానమ్మలు. మేము ఇప్పుడు ఫైలు వివరించేటప్పుడు ఈ మాటలే వాడుతున్నాం. "కాలేయం" అన్నప్పుడు ఖాళీగా చూసిన ముఖం "కలేజీ" అనగానే తేటపడుతుంది.

ఇక గుర్దే, అంటే కిడ్నీలు. మన సాయంలో దాతలకూ పేషెంట్లకూ మధ్య ఎక్కువ మనస్తాపం వచ్చింది ఇక్కడే. జరీ పని చేసే ఒక యువకుడి డయాలసిస్‌కు ఒక దాత ఎనిమిది నెలలు నెలనెలా డబ్బు ఇచ్చారు. తొమ్మిదో నెల "ఇంకా నయం కాలేదా? ఇంతకాలం ఏ మందు వాడుతున్నారు?" అని అడిగి మానేశారు. ఆయన్ను మేము తప్పుపట్టలేదు. మేమిచ్చిన రసీదులో 'కిడ్నీ చికిత్స' అని మాత్రమే ఉంది. చికిత్స అంటే నయమయ్యేదని ఎవరైనా అనుకుంటారు.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడగట్టి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా పంపి, మిగతాది తిరిగి ఒంటికే ఇస్తాయి. కండరాల్లో తయారయ్యే క్రియాటినిన్ అనే చెత్త వాటి గుండానే బయటికి పోవాలి. రక్తంలో అది సుమారు 0.6 నుంచి 1.2 దాకా ఉండటం మామూలు. వడపోత చెడితే అది పెరుగుతుంది. అందుకే ఆ అంకె చూస్తారు. డయాలసిస్ యంత్రం ఆ చెత్తను బయట నుంచి కడుగుతుంది. కిడ్నీని బాగుచేయదు. ఎక్కువమందికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది.

ఎన్నాళ్లు అన్నది ఫైలులోని ఒక్క మాట చెబుతుంది. 'అక్యూట్' అని ఉంటే హఠాత్తుగా వచ్చినది. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు ఆరిపోయినా, మలేరియా ముదిరినా, నొప్పి బిళ్లలు మితిమీరి మింగినా ఇలా కావచ్చు. కొన్నిసార్లు డయాలసిస్ చేస్తే కిడ్నీలు తిరిగి కోలుకునే అవకాశం ఉంది. 'క్రానిక్' అని ఉంటే ఏళ్లుగా మెల్లగా చెడినది. షుగర్, బీపీ దీనికి పెద్ద కారణాలు. చివరి దశలో జీవితాంతం డయాలసిస్, లేదా కిడ్నీ మార్పిడి. క్రానిక్ అంటే తీవ్రమైనదని, అక్యూట్ అంటే చిన్నదని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఆ రెండు మాటలూ జబ్బు ఎంతకాలంగా ఉందో చెబుతాయి, ఎంత పెద్దదో చెప్పవు. 'కిడ్నీ ఫెయిల్' అనే మాట కూడా పరీక్ష ఫెయిల్ లాగా వినబడుతుంది. ఒక సంఖ్య రాగానే కథ ముగిసిందనుకుని ఇంటికి తీసుకెళ్లిపోయిన కుటుంబం మాకు తెలుసు. ఆ మనిషిది అక్యూట్. తిరిగి ఆసుపత్రిలో చేర్పించి మూడు వారాలు డయాలసిస్ చేయిస్తే లేచి నడిచాడు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితంగా జరుగుతుంది. మరి మన సాయం దేనికని అడగవచ్చు. వారానికి మూడుసార్లు రానుపోను ఆటో ఛార్జీలు, రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లలో బయట కొనవలసినవి, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి. యంత్రం ఉచితమైనా యంత్రం దాకా చేరడం ఉచితం కాదు. ఆ జరీ పనివాడికి ఇప్పుడు ముగ్గురు దాతలు వంతులవారీగా ఆటో ఖర్చు ఇస్తున్నారు. మానేసిన పెద్దమనిషి వారిలో ఒకరు. ఫోన్లో పది నిమిషాలు ఈ రెండు మాటల తేడా చెప్పాం, అంతకంటే ఏమీ చేయలేదు.

బీపీ, షుగర్ అంకెల గురించి ఇక్కడ రాయడం లేదు, అవి అందరి నోటా ఉన్నవే. ఒక్క హెచ్‌బిఏ1సి మాత్రం చెబుతాం. అది ఆ ఉదయం షుగర్ కాదు, సుమారు మూడు నెలల సగటు. 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే షుగర్ జబ్బు కింద లెక్క. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి మిఠాయి మానేసి దాన్ని మోసం చేయలేం.

ఈ రంజాన్ తర్వాత నుంచి మన సహాయ ఫారం మారింది. జబ్బు పేరు రాసే గడి కింద మూడు గీతలు పెట్టాం. మొదటి దానిలో డాక్టర్ చెప్పింది పేషెంటు తన మాటల్లో, ఉర్దూలోనో తెలుగులోనో రాయాలి, రాయలేకపోతే మా వాలంటీర్ రాస్తాడు. రెండోదానిలో ఇది ఒకసారి ఖర్చా, నెలనెలా ఉండేదా. మూడోదానిలో ఆరోగ్యశ్రీ ఏం ఇస్తోంది, ఏం మిగిలింది. దాతలకు పంపే చీటీలో కూడా ఈ మూడూ ఉంటాయి. పాత ఫారాలు మీ దుకాణాల్లో, మస్జిదు అల్మారాల్లో మిగిలి ఉంటే దయచేసి చింపేసి, కొత్తవి ఆదివారం మా దగ్గర తీసుకోండి.